టోనింగ్, ఇంటెన్సిటీ, ఫెయిల్యూర్, ఫ్యాట్ బర్న్ జోన్: జిమ్‌లో వినే మాటలకి అసలు అర్థాలేంటి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ. జిమ్‌లో చేరి రెండు నెలలైంది, ట్రైనర్ మొదట "మీకు టోనింగ్ కావాలి కాబట్టి తక్కువ వెయిట్, ఎక్కువ రెప్స్" (రెప్ అంటే బరువుని ఒకసారి ఎత్తి దించడం) అన్నారు, ఇప్పుడు అదే మనిషి "ఇంటెన్సిటీ సరిపోవట్లేదు, ఫెయిల్యూర్ దాకా వెళ్లండి" అంటున్నారు, ట్రెడ్‌మిల్ ఎక్కితే వాచ్ ఏమో ఫ్యాట్ బర్న్ జోన్ దాటిపోయారని చూపిస్తోంది, పైగా మర్నాడు ఒళ్లు నొప్పులు రాకపోతే ఆ రోజు వర్కౌట్ వేస్టేనా అని డౌటు. వీటిలో ఏది నిజం, ఏ మాటకి అర్థం ఏంటి అని అడిగారు.

ముందు సూటిగా చెప్పేస్తా. టోనింగ్ అని వేరే వర్కౌట్ ఏదీ లేదు, కండ కొంచెం పెరగడం, దాని మీద కొవ్వు కొంచెం తగ్గడం, అంతే. ఇంటెన్సిటీ అంటే చెమట కాదు, వెయిట్ ట్రైనింగ్‌లో అయితే మీరు ఎత్తగలిగిన గరిష్ఠ బరువులో ఇప్పుడు ఎత్తుతున్నది ఎంత శాతం అన్నది. ఫెయిల్యూర్ అంటే మంట పుట్టడం కాదు, ఇంకొక్క రెప్ కూడా సరైన ఫామ్‌లో పైకి లేవకపోవడం, అక్కడిదాకా ప్రతి సెట్‌లో (ఆపకుండా వరుసగా చేసే రెప్స్ అన్నీ కలిపి ఒక సెట్) వెళ్లాల్సిన పనీ లేదు. ఫ్యాట్ బర్న్ జోన్, అంటే కొవ్వు ఎక్కువ శాతం ఖర్చవుతుందని చెప్పే గుండె వేగం, అనేది ఉంది గానీ దాని కోసం మీరు నడక వేగం తగ్గించుకోవాల్సిన అవసరం లేదు. నొప్పులు వర్కౌట్‌కి మార్కులు కావు.

నేను చాలా ఏళ్లుగా ట్రైనింగ్ ఇస్తున్నా. కొత్తవాళ్లకి రిజల్ట్ రాకపోతే బద్ధకం అంటారు అందరూ, కానీ నేను ఎక్కువగా చూసింది ఒక మాటని తప్పుగా అర్థం చేసుకుని, దానికి తగ్గట్టు తప్పు వర్కౌట్‌ని నెలల తరబడి ఎంతో శ్రద్ధగా చేసినవాళ్లని. వాళ్ల కష్టం చూస్తే బాధేస్తుంది. అందుకే నా దగ్గరికి వచ్చేవాళ్లకి ఒక్కటే చెప్తా, జిమ్‌లో ఏ మాట విన్నా "దీన్ని దేంతో కొలుస్తారు?" అని అడగండి. కిలోల్లోనా, రెప్స్‌లోనా, గుండె కొట్టుకునే వేగంలోనా, వారానికి ఎన్ని సెట్లు అనా? జవాబు ఉంటే ఆ మాటతో ప్లాన్ వేసుకోవచ్చు. జవాబు లేకపోతే దాని మీద ఆధారపడొద్దు.

టోనింగ్ సంగతి

ఈ మాట దగ్గరే ఎక్కువమంది ఇరుక్కుంటారు కాబట్టి కొంచెం వివరంగా చెప్తా. ఎక్సర్‌సైజ్ వల్ల కండరం సైజు పెరుగుతుంది, బలం పెరుగుతుంది, మానేస్తే రెండూ తగ్గుతాయి. చర్మం కింద ఉన్న కొవ్వు పెరగొచ్చు, తగ్గొచ్చు. కండ సన్నగా పొడుగ్గా మారడం, గట్టిపడి షేప్‌లోకి రావడం లాంటి మూడో మార్గం ఏదీ లేదు. డాక్టర్లు మజిల్ టోన్ అంటారు గానీ అది పూర్తిగా వేరే విషయం, మనం ఊరికే కూర్చున్నప్పుడు కూడా కండరంలో ఉండే కొద్దిపాటి బిగువు అది, నరాల డాక్టర్ మీ చెయ్యి పట్టుకుని వంచి చూసేది దానికోసమే.

మరి తక్కువ వెయిట్, ఎక్కువ రెప్స్ అనేది తప్పా? తప్పు కాదు, సగమే చెప్పారు. ఇప్పటిదాకా జరిగిన పరిశోధనల్లో తేలిందేంటంటే సెట్‌కి 5 రెప్స్ నుంచి 30 రెప్స్ దాకా ఏ బరువుతో చేసినా కండ దాదాపు ఒకేలా పెరుగుతుంది, కానీ సెట్ చివరికి వచ్చేసరికి నిజంగా కష్టమవ్వాలి. బలం పెరగాలంటే మాత్రం పెద్ద బరువులే మేలు. అంటే 4 కిలోల డంబెల్‌తో 25 చేయడం సమస్య కాదు, 4 కిలోలతో 60 చేయగలిగిన మనిషి 25 దగ్గర ఆపేయడం సమస్య.

నా దగ్గరికి వచ్చిన ఒకావిడ సరిగ్గా ఇదే చేస్తుండేవారు. ఎన్నో నెలలుగా అవే డంబెల్స్, అవే రెప్స్, ఒక్కరోజు మానలేదు, చేతుల్లో మార్పు లేదు. బరువు పెంచుదాం అంటే మగాళ్లలా అయిపోతానేమో అని భయం. ఆ భయం చాలామందికి ఉంది, దాన్ని నేను తేలిగ్గా తీసుకోను, కానీ కండ పెరగడం ఎంత నిదానంగా జరుగుతుందో తెలిస్తే ఆ భయం పోతుంది. ఆడవాళ్లలో టెస్టోస్టెరాన్ మగవాళ్లతో పోలిస్తే పది రెట్లకు పైగా తక్కువ ఉంటుంది, స్టేజ్ మీద కనిపించే బాడీబిల్డర్ల కండ ఏళ్ల తరబడి అదే పనిగా తిని, ఎత్తి తెచ్చుకున్నది, పొరపాటున వచ్చేసేది కాదు. వర్కౌట్ అయిన వెంటనే చేతులు ఉబ్బినట్టు కనిపించడం పంప్, ఆ కండరంలోకి రక్తం ఎక్కువగా చేరడం వల్ల వచ్చేది, కొన్ని గంటల్లో తగ్గిపోతుంది. ఆవిడకి ఇది చెప్పి, 10, 12 రెప్స్‌కే చేతులు కష్టపడే బరువు ఇచ్చి, కొద్దికొద్దిగా పెంచుతూ వచ్చాం. ఆవిడ కోరుకున్న షేప్ అప్పుడు వచ్చింది.

దీనికి అక్క లాంటిది ఇంకోటుంది, స్పాట్ రిడక్షన్, అంటే పొట్ట ఎక్సర్‌సైజులు చేస్తే పొట్టే కరుగుతుంది అనుకోవడం. కొవ్వు కరగాలంటే ముందు హార్మోన్ల ప్రభావంతో కొవ్వు కణాల్లోంచి ఫ్యాటీ యాసిడ్స్‌గా విడుదలై రక్తంలోకి రావాలి, కండరం ఆ రక్తంలోంచి తీసుకుంటుంది. పక్కనే ఉన్న కొవ్వుని నేరుగా లాక్కోవడం కుదరదు. 1971లో టెన్నిస్ ఆటగాళ్ల చేతులు కొలిచి చూశారు. రాకెట్ పట్టే చెయ్యి ఏళ్ల తరబడి రెండోదానికంటే ఎన్నో రెట్లు ఎక్కువ పని చేసి ఉంటుంది కదా, ఆ చెయ్యి లావుగా, కండతో ఉంది నిజమే, కానీ చర్మం కింద కొవ్వు మందం మాత్రం రెండు చేతుల్లో ఒకేలా ఉంది. నాకు ఇంతకంటే స్పష్టమైన ఉదాహరణ దొరకలేదు. కొవ్వు ముందు ఎక్కడ తగ్గుతుంది, ఆఖర్న ఎక్కడ తగ్గుతుంది అనేది మీ జీన్స్, హార్మోన్లు, వయసు నిర్ణయిస్తాయి. క్రంచెస్ చేయండి, పొట్ట కండరాలు బలపడతాయి, కానీ నడుం కొలత కోసం అని చేయకండి.

చెమట గురించి కూడా ఇక్కడే చెప్పాలి. ప్లాస్టిక్ సూట్ వేసుకుని ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తేవాళ్లని చూస్తే నాకు నిజంగా కంగారేస్తుంది. చెమట ఒంటిని చల్లబరచడానికి వచ్చే నీరు, తగ్గిన బరువు నీళ్లు తాగగానే తిరిగొస్తుంది. మరి కరిగిన కొవ్వు ఎక్కడికి పోతుంది అంటే, చాలా భాగం ఊపిరిలో పోతుంది. 2014లో లెక్క కట్టి చూపించారు, 10 కిలోల కొవ్వు పూర్తిగా ఖర్చయితే అందులో 8.4 కిలోలు కార్బన్ డయాక్సైడ్‌గా ఊపిరితో బయటికి వెళ్తుంది, మిగిలిన 1.6 కిలోలు నీరవుతుంది. అలాగని గబగబా ఊపిరి పీలిస్తే తగ్గరు, ముందు ఒంట్లో ఆ కొవ్వు ఇంధనంగా ఖర్చవ్వాలి.

ఇంటెన్సిటీ, వాల్యూమ్

మీ ట్రైనర్ "ఇంటెన్సిటీ సరిపోవట్లేదు" అన్నప్పుడు మీరు ఏం చేశారో రాయలేదు, కానీ నేను ఊహించగలను, ఇంకో రెండు ఎక్సర్‌సైజులు కలిపి ఉంటారు లేదా సెట్ల మధ్య రెస్ట్ తీసేసి ఉంటారు. అందరూ చేసేది అదే. ఎందుకంటే ఈ ఒక్క మాటని మూడు అర్థాల్లో వాడతారు.

వెయిట్ ట్రైనింగ్ పుస్తకాల్లో ఇంటెన్సిటీ అంటే వన్ రెప్ మ్యాక్స్‌లో శాతం. మీరు ఒక్కసారి మాత్రమే చేయగలిగే స్క్వాట్ 60 కిలోలు అనుకుందాం, 48 కిలోలతో చేస్తే ఇంటెన్సిటీ 80 శాతం, అది 5 రెప్స్ చేసినా 2 చేసినా 80 శాతమే. అదే 20 కిలోలతో 40 రెప్స్ చేసి ఆయాసంతో కింద కూలబడ్డా ఆ లెక్కలో ఇంటెన్సిటీ 33 శాతమే. కార్డియోలో ఇంటెన్సిటీ అంటే గుండె వేగం లేదా ఆక్సిజన్ వాడకం మీ గరిష్ఠంలో ఎంత శాతం అని. ఇక జిమ్‌లో మామూలుగా వాడే ఇంటెన్సిటీ అంటే ఎంత కష్టపడ్డాం అనే ఫీలింగ్. మూడూ పనికొచ్చేవే, కానీ మూడూ వేర్వేరు.

వాల్యూమ్ అంటే మొత్తం పని. సెట్లు, రెప్స్, బరువు గుణిస్తే వచ్చేది. 40 కిలోలతో 10 రెప్స్ చొప్పున 3 సెట్లు అంటే 1200 కిలోలు. ఈ మధ్య ఎక్కువమంది దీన్ని ఒక కండరానికి వారంలో ఎన్ని గట్టి సెట్లు పడ్డాయి అని లెక్కేస్తున్నారు, కొత్తవాళ్లకి నేను చెప్పేదీ అదే, సులువు కాబట్టి. ఇంటెన్సిటీ పెంచమంటే వాల్యూమ్ పెంచేయడం అనేది నేను రోజూ చూసే పొరపాటు. గంట వర్కౌట్ కాస్తా గంటన్నర అవుతుంది, బరువులు అవే ఉంటాయి, అలసట పెరుగుతుంది, రిజల్ట్ మారదు. కాబట్టి మీ ట్రైనర్‌ని మర్యాదగానే అడగండి, "బరువు పెంచమంటారా, ఇదే బరువుతో ఇంకొన్ని రెప్స్ చేయమంటారా, రెస్ట్ తగ్గించమంటారా?" అని. మంచి ట్రైనర్ అయితే సంతోషంగా చెప్తారు.

ఫెయిల్యూర్ అంటే ఎక్కడ?

మంట పుట్టిన చోట చాలామంది ఆపేసి ఫెయిల్యూర్ అనుకుంటారు. కాళ్ల ఎక్సర్‌సైజుల్లో, 15 రెప్స్ దాటిన సెట్లలో మంట చాలా ముందే మొదలవుతుంది, ఫెయిల్యూర్ ఇంకా దూరంగా ఉంటుంది. మనస్ఫూర్తిగా ప్రయత్నించినా బరువు మధ్యలో ఆగిపోయి పైకి రాకపోతే అది కండరం ఫెయిల్యూర్. అంతకంటే ముందు ఇంకోటి వస్తుంది, ఫామ్ చెడిపోవడం, నడుం వంగిపోవడం, భుజాలు ఎగరేయడం. కొత్తవాళ్లకి సెట్ అక్కడే అయిపోయినట్టు.

ఇక్కడ కొలవడానికి ఒక పద్ధతి ఉంది. స్వీడన్‌కి చెందిన గున్నార్ బోర్గ్ అనే ఆయన మనిషికి తను ఎంత కష్టపడుతున్నట్టు అనిపిస్తోందో దానికి ఒక స్కేల్ తయారు చేశారు, దాన్ని ఆర్‌పీఈ అంటారు. ఆయన స్కేల్ 6 నుంచి 20 దాకా ఉంటుంది, వింతగా అనిపిస్తుంది గానీ కారణం ఉంది, ఆ అంకెని పదితో గుణిస్తే ఇంచుమించు గుండె వేగం వస్తుంది, 6 అంటే 60, 20 అంటే 200. వెయిట్స్‌లో మాత్రం పది పాయింట్ల స్కేల్ వాడతారు, 10 అంటే ఇంకొక్కటి కూడా రాదు, 9 అంటే ఒకటి మిగిలింది, 8 అంటే రెండు మిగిలాయి. "ఇంకా ఎన్ని మిగిలాయి?" అని అడిగేదాన్నే ఆర్‌ఐఆర్ అంటారు.

సమస్యేంటంటే కొత్తవాళ్లకి మిగిలినవి ఎన్నో అంచనా వేయడం రాదు. నేను ఒక పని చేయిస్తా. చెస్ట్ ప్రెస్ మెషీన్ లాంటి సురక్షితమైన మెషీన్ మీద కూర్చోబెట్టి, ఇంక రెండే మిగిలాయి అనిపించినప్పుడు చెప్పమంటా, చెప్పాక ఆపకుండా కొనసాగించమంటా. రెండు అన్నవాళ్లు ఐదు, ఆరు లాగేస్తారు, వాళ్లే ఆశ్చర్యపోతారు. ఒకబ్బాయి అయితే ఫెయిల్యూర్‌కి వెళ్తున్నా అని గట్టిగా నమ్మేవాడు, ఆ రోజు తర్వాత అతని అన్ని బరువులూ మార్చాల్సి వచ్చింది. మీరూ మెషీన్ మీద ఒకసారి చేసి చూడండి, బార్‌తో మాత్రం వద్దు.

ప్రతి సెట్‌లో ఫెయిల్యూర్ కావాలా అంటే, నా మాట వద్దనే. ఒకటి నుంచి మూడు రెప్స్ మిగిల్చి ఆపినా కండ పెరుగుదలలో పెద్ద తేడా రాదు, అలసట మాత్రం చాలా తగ్గుతుంది, తర్వాతి సెట్లు బాగా పడతాయి. స్క్వాట్, బెంచ్ ప్రెస్‌లో పక్కన మనిషి గానీ సేఫ్టీ బార్లు గానీ లేకుండా ఫెయిల్యూర్ జోలికి అసలు వెళ్లొద్దు. బీపీ ఉన్నవాళ్లకి ఇంకో హెచ్చరిక, ఊపిరి బిగబట్టి చివరి రెప్ లాగుతున్నప్పుడు బీపీ ఆ కొన్ని క్షణాలు బాగా పైకి పోతుంది, డాక్టర్‌ని అడగకుండా అలాంటి సెట్లు చేయకండి.

దీంతో పాటే వినిపించే ప్రోగ్రెసివ్ ఓవర్‌లోడ్ గురించి రెండు మాటలు. థామస్ డెలార్మ్ అనే డాక్టర్ 1940ల్లో అమెరికా సైనిక ఆసుపత్రిలో గాయపడిన సైనికుల కాళ్లకి బలం తెప్పించడానికి ఈ పద్ధతిని గట్టిగా వాడారు. పది రెప్స్ మాత్రమే చేయగలిగే బరువు కనుక్కుని, దాంట్లో సగంతో ఒక సెట్, ముప్పావు వంతుతో ఒక సెట్, పూర్తి బరువుతో ఒక సెట్. బలం వచ్చేకొద్దీ ఆ బరువు పెంచడం. జబ్బు మంచం మీద నుంచి లేచినవాళ్లతో చేయించిన పద్ధతి అది, కాబట్టి ఓవర్‌లోడ్ అనే మాట విని భయపడక్కర్లేదు, రోజూ బరువు పెంచాలని కంగారూ పడక్కర్లేదు. ఒక రెప్ పెరిగినా, అదే బరువుని ఇంకా కిందిదాకా దించి శుభ్రంగా ఎత్తినా అది ఓవర్‌లోడే. మొదటి కొన్ని వారాల్లో బలం గబగబా పెరుగుతుంది, అది ఎక్కువగా నరాలు కండరాన్ని వాడుకోవడం నేర్చుకోవడం వల్ల, సైజు తర్వాత వస్తుంది. అందుకే రెండో నెలలో అద్దంలో మార్పు లేదని ప్రోగ్రామ్ మార్చేయకండి. మజిల్ కన్‌ఫ్యూజన్ అని వారం వారం ఎక్సర్‌సైజులు మార్చమనే వీడియోలు ఉన్నాయి, అలా మారిస్తే గత వారం కంటే బాగా చేశారో లేదో తెలుసుకునే దారే ఉండదు.

ఫ్యాట్ బర్న్ జోన్, మీ వాచ్

నెమ్మదిగా నడుస్తున్నప్పుడు ఒళ్లు వాడే ఇంధనంలో కొవ్వు శాతం ఎక్కువ, వేగం పెరిగేకొద్దీ కార్బోహైడ్రేట్ శాతం పెరుగుతుంది. ఇది నిజం. దీన్నుంచి నెమ్మదిగా నడిస్తేనే కొవ్వు తగ్గుతుంది అని తేల్చేయడం తప్పు. కేవలం ఉదాహరణకి చూడండి, అరగంట నెమ్మదిగా నడిస్తే 150 కేలరీలు, అందులో 60 శాతం కొవ్వు అనుకుంటే 90. అదే అరగంట పరిగెత్తితే 300 కేలరీలు, 35 శాతం కొవ్వు అనుకుంటే 105. పైగా ఆ అరగంటలో ఏ ఇంధనం కాలింది అనేది అంత ముఖ్యం కూడా కాదు, వర్కౌట్‌లో కార్బోహైడ్రేట్ ఎక్కువ వాడితే మిగతా రోజులో ఒళ్లు కొవ్వు ఎక్కువ వాడుకుంటుంది, చివరికి వారాలు, నెలల మీద తిన్నదెంత, ఖర్చయిందెంత అన్నదే లెక్క.

ఇక వాచ్ చూపించే ఆ జోన్ ఎక్కణ్నుంచి వచ్చింది? చాలా వాచ్‌లు, మెషీన్లు 220లోంచి మీ వయసు తీసేసి దాన్ని గరిష్ఠ గుండె వేగం అనుకుని, అందులో కొంత శాతాన్ని జోన్ అని చూపిస్తాయి. ఆ సూత్రం 1971 నాటి ఒక వ్యాసం నుంచి ప్రచారంలోకి వచ్చింది, అప్పటికి దొరికిన సమాచారం మీద ఉజ్జాయింపుగా గీసిన గీత అది. మనిషికీ మనిషికీ 10, 12 బీట్లు తేడా ఉండటం మామూలే. 40 ఏళ్ల మనిషికి ఆ లెక్కలో 180 వస్తుంది, నిజంగా చూస్తే ఒకరికి 168 ఉండొచ్చు, ఇంకొకరికి 192 ఉండొచ్చు. 2001లో ఇంకో సూత్రం వచ్చింది, 208లోంచి వయసుని 0.7తో గుణించి తీసేయడం, పెద్ద వయసువాళ్లకి అది కాస్త నయం, 60 ఏళ్లకి పాత లెక్క 160 అంటే ఇది 166 అంటుంది. అయినా అదీ సగటే. బీటా బ్లాకర్ మాత్రలు (బీపీకి, గుండెకి ఇచ్చే ఒక రకం మందు) వేసుకునేవాళ్లకైతే ఈ లెక్కలేవీ పనికిరావు, ఆ మాత్రలు గుండె వేగాన్ని పెరగనివ్వవు. నా దగ్గర ఒక పెద్దాయన వాచ్‌లో జోన్ రావట్లేదని ఆయాసంతో రొప్పుతూ వేగం పెంచుతుంటే ఆపి అడిగితే ఆ మాత్రల సంగతి బయటపడింది. ఆయనకి వాచ్ తీసి పక్కన పెట్టమన్నా.

దానికి బదులు మాట్లాడి చూసుకోండి. పూర్తి వాక్యాలు మాట్లాడగలుగుతూ పాట పాడలేకపోతే మీడియం వేగం, రెండు మూడు మాటలకే ఊపిరి తీసుకోవాల్సి వస్తే గట్టి వేగం. ఇది చాలు. ఒక్క విషయం, నెమ్మది కార్డియో పనికిరాదని నేను అనట్లేదు. ఈ మధ్య జోన్ టూ అని వినిపించేది నెమ్మదిగా, ఎక్కువసేపు చేసే కార్డియో, అది స్టామినాకి చాలా మంచిది, కీళ్ల మీద భారం తక్కువ, మర్నాడు వెయిట్స్‌కి అడ్డం రాదు. దాన్ని స్టామినా కోసం చేయండి. మెషీన్ చూపించే కేలరీల అంకె మాత్రం ఒట్టి అంచనా, దాన్ని చూసి తిండి లెక్క వేసుకోవద్దు.

ఇటు చివర ఉన్నది హిట్ (కొద్దిసేపు గట్టిగా చేసి, కొద్దిసేపు ఆగుతూ చేసే కార్డియో), అందులో ఒక రకమైన టబాటా. ఇజుమి టబాటా అనే జపాన్ పరిశోధకుడి బృందం 1996లో ప్రచురించిన ప్రయోగంలో సైకిల్ మీద 20 సెకన్లు తొక్కడం, 10 సెకన్లు ఆగడం, ఇలా ఏడెనిమిది సార్లు. తొక్కిన వేగం ఆక్సిజన్ వాడకం గరిష్ఠంగా ఉండే స్థాయికి 170 శాతం. అంటే నాలుగు నిమిషాల్లో మనిషి పూర్తిగా అయిపోవాలి. గంటసేపు చేయగలిగారంటే అది ఇంటర్వల్ వర్కౌట్, మంచిదే, కానీ టబాటా కాదు, నాలుగు నిమిషాల ఫలితాల్ని దానికి అంటగట్టకూడదు. పూర్తి శక్తితో చేసేవి కొత్తగా చేరినవాళ్లకి నేను ఇవ్వను, ముందు కొన్ని నెలలు మామూలు కార్డియో అలవాటవ్వాలి.

ఒళ్లు నొప్పులు

వర్కౌట్ మర్నాడు వచ్చే నొప్పులకి లాక్టిక్ యాసిడ్ పేరుకుపోవడం కారణం అని ఇప్పటికీ చాలా చోట్ల చెప్తున్నారు. లాక్టేట్ వర్కౌట్ ఆపాక గంటా ఆ ప్రాంతంలో రక్తంలోంచి మామూలు స్థాయికి వచ్చేస్తుంది, పైగా అది చెత్త కాదు, గుండె, కండరాలు దాన్ని ఇంధనంగా వాడుకుంటాయి. నొప్పులేమో ఒకటి నుంచి మూడు రోజుల మధ్య ఎక్కువగా ఉంటాయి, దీన్ని డామ్స్ అంటారు. టైమే కలవట్లేదు కదా. అసలు కారణం అలవాటు లేని పని, ముఖ్యంగా కండరం సాగుతూ బరువు మోసే పని, అంటే బరువు కిందికి దించడం, దిగుడు మీద పరిగెత్తడం. దిగుడు పరుగులో లాక్టేట్ తక్కువే తయారవుతుంది, నొప్పులు మాత్రం దాంట్లోనే ఎక్కువ.

అదే పని మళ్లీ చేస్తే రెండోసారి నొప్పి బాగా తగ్గుతుంది, ఒళ్లు త్వరగా అలవాటు పడుతుంది. కాబట్టి రెండు నెలల తర్వాత నొప్పులు రాకపోవడం మంచి లక్షణం. నొప్పుల కోసం వెతుక్కుంటూ కొత్త కొత్త ఎక్సర్‌సైజులు చేసేవాళ్లు ఎప్పుడూ నొప్పుల్లోనే ఉంటారు, బరువులు పెరగవు.

కానీ ఇవి మాత్రం డామ్స్ అనుకుని ఊరుకోవద్దు: కీలులో పొడిచినట్టు నొప్పి, ఒకవైపే వచ్చే నొప్పి, వర్కౌట్ మధ్యలో టక్కున మొదలైన నొప్పి. ఇంకా ముఖ్యమైనది, అలవాటు లేకుండా విపరీతంగా చేసిన తర్వాత కండరాలు బాగా వాచిపోయి, మూత్రం ముదురు గోధుమ రంగులో వస్తే అదే రోజు ఆసుపత్రికి వెళ్లాలి. కండరం దెబ్బతిని అందులోని పదార్థాలు కిడ్నీల మీద పడే పరిస్థితి అది, ఆలస్యం చేయకూడదు.

మీరు అడగలేదు గానీ ఎలాగూ వింటారు కాబట్టి ఇంకొన్ని. కోర్ అంటే సిక్స్ ప్యాక్ ఒక్కటే కాదు, పొట్ట చుట్టూ లోపలి పొరలు, వెన్ను పక్కన ఉండే కండరాలు, పైన డయాఫ్రం, కింద కటి అడుగు కండరాలు అన్నీ కలిపి, దాని అసలు పని నడుం కదలకుండా పట్టి ఉంచడం, అందుకే క్రంచెస్ ఒక్కటే కాదు, ప్లాంక్, ఒక చేత్తో బరువు మోస్తూ నడవడం లాంటివి కూడా కోర్ ఎక్సర్‌సైజులే. సూపర్‌సెట్ అంటే రెండు ఎక్సర్‌సైజులు వెంటవెంటనే, డ్రాప్ సెట్ అంటే ఒకే ఎక్సర్‌సైజ్‌లో బరువు తగ్గించి ఆపకుండా కొనసాగించడం, రెండూ టైమ్ ఆదా చేసేవే తప్ప వాటిలో ప్రత్యేకమైన మహిమ లేదు. వార్మప్, స్ట్రెచింగ్ ఒకటి కాదు, వార్మప్ అంటే ఒళ్లు వేడెక్కించి, చేయబోయే కదలికనే తేలిక బరువుతో చేయడం, ఒకే భంగిమలో నిమిషానికి పైగా సాగదీసి పట్టుకుంటే ఆ వెంటనే బలం కాస్త తగ్గుతుంది కాబట్టి దాన్ని వర్కౌట్ తర్వాత పెట్టుకోండి. కండ పెరిగితే నిద్రలో కూడా కేలరీలు తెగ ఖర్చవుతాయి అంటారు, కిలో కండ రోజంతా రెస్ట్‌లో ఖర్చు చేసేది దాదాపు 13 కేలరీలే. కండ పెంచుకోవడానికి దానికంటే మంచి కారణాలు ఎన్నో ఉన్నాయి.

ఇప్పుడు మీ ప్రోగ్రామ్ విషయానికి వస్తే, నేనైతే ఇలా మారుస్తా, మీ ట్రైనర్‌తో మాట్లాడి చూడండి. వారానికి మూడు రోజులు ఒళ్లంతా వచ్చేలా వెయిట్స్, కాళ్లకి రెండు, తోసేది రెండు, లాగేది రెండు, కోర్ ఒకటి. ఒక్కోదానికి రెండు లేదా మూడు సెట్లు, 8 నుంచి 12 రెప్స్, సెట్ చివర రెండు మిగిలేలా. అన్ని సెట్లలో 12 వచ్చిన రోజు, తర్వాతిసారికి జిమ్‌లో ఉన్న అతి చిన్న ప్లేట్ కలపండి. మిగతా రోజుల్లో మాట్లాడగలిగే వేగంతో నడక గానీ సైకిల్ గానీ. ప్రపంచ ఆరోగ్య సంస్థ పెద్దవాళ్లకి చెప్పేది వారానికి 150 నుంచి 300 నిమిషాల మీడియం కార్డియో, కనీసం రెండు రోజులు కండరాల వ్యాయామం, నడక, సైకిల్ కలిపి ఆ నిమిషాలకి సరిపోయేలా చూసుకుంటే మీరు ఆ లెక్కలోకి వచ్చేస్తారు.

ప్రతి సెట్ రాసిపెట్టుకోండి, ఎక్సర్‌సైజ్ పేరు, బరువు, రెప్స్, మిగిలాయి అనిపించినవి ఎన్ని. ఒక నెల రాసి ఇక్కడ పెడితే ఎక్కడ ఆగుతోందో చూసి చెప్తా. మోకాలు, నడుం పాత దెబ్బలు ఉన్నా, బీపీకో గుండెకో మాత్రలు వాడుతున్నా అది కూడా రాయండి, పైన చెప్పిన కొన్ని అంకెలు మీకు మార్చాల్సి రావచ్చు.